పాపం లేదనే మనిషికి తప్పు చేశానన్న బాధ: ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆయన ఒప్పుకున్నారు, రాసిన తర్వాత చదివారు కూడా. ఊరు, వయసు, కుటుంబ వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను. నేను గుంటూరులో క్లినికల్ సైకాలజిస్టుని. గిల్ట్‌తో, అంటే తప్పు చేశానన్న బాధతో, నలిగిపోతూ మా దగ్గరకి వచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. కానీ "నాకు పాపం మీద నమ్మకం లేదు, మరి ఈ బాధ ఎక్కణ్ణించి వస్తోంది, దీనికి అర్థం ఉందా" అని ఆ ప్రశ్నతోనే తలుపు తట్టే మనిషి అరుదు. ఆ ప్రశ్నకి జవాబు చర్చలో దొరకలేదు, ఆయన లెక్కల పుస్తకంలో దొరికింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

వచ్చినప్పటి పరిస్థితి

యాభై దాటిన మనిషి. పల్నాడు వైపు ఒక మండల కేంద్రంలో ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. 2023 ఎండాకాలంలో భార్య తీసుకొచ్చారు. ఏడాదికి పైగా సరిగ్గా నిద్ర లేదు, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తుంది, ఆ తర్వాత వసారాలో అటూ ఇటూ తిరగడమే. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. షాపుకి వెళ్ళి కూర్చుంటారు కానీ రైతు వచ్చి ఏదైనా అడిగితే లేచి ఇవ్వరట, కొడుకు ఇవ్వాల్సిందే. నన్ను చూడగానే అన్న మొదటి మాట "నేనొక మనిషిని చంపాను మేడమ్." పక్కన భార్య కంగారుగా "అదేం కాదండీ, ఆయన అలాగే అంటారు" అన్నారు.

డిప్రెషన్ ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నాపత్రంలో 27కి 20 వచ్చింది, అంటే తీవ్రమైన డిప్రెషన్. చావు ఆలోచనల గురించిన తొమ్మిదో ప్రశ్న ఎప్పుడూ విడిగా, నెమ్మదిగా, కళ్ళల్లోకి చూస్తూ అడగాలి. అడిగాను. చచ్చిపోతే బావుండు అనిపిస్తోంది, ఎలా అన్నది ఆలోచించలేదు అన్నారు. చుట్టూ పురుగుమందులు పెట్టుకుని కూర్చునే మనిషి ఈ మాట అన్నప్పుడు మిగతా చర్చ అంతా తర్వాతే. ఆ రోజే కొడుకుని పిలిపించి షాపు తాళాలు, గోడౌన్ తాళాలు అతని చేతికి ఇప్పించాం. ఒంటరిగా షాపు తెరవకూడదు, రాత్రి మెలకువ వస్తే భార్యని లేపాలి, ఫలానా నంబర్లకి ఫోన్ చేయాలి అని కాగితం మీద రాసి ముగ్గురి చేతా చదివించాను. సైకియాట్రిస్టు దగ్గరకి పంపితే ఆయన ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు మొదలుపెట్టారు. మందు పనిచేసింది. నిద్ర కొంత వచ్చింది, ఆకలి వచ్చింది, చావు ఆలోచనలు తగ్గాయి. కానీ "చంపాను" అనే మాట మాత్రం అలాగే ఉంది, ఇంకా స్పష్టంగా అనడం మొదలుపెట్టారు. డిప్రెషన్ తగ్గితే గిల్ట్ కూడా పోతుంది అనుకునే వాళ్ళకి ఇక్కడే మొదటి అనుమానం రావాలి.

జరిగింది ఏమిటి

2021 చివర్లో మిర్చి తోటల మీద నల్ల తామర పురుగు పడిన సంగతి ఇటువైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మన దేశంలో మొదట కనిపించిన పురుగు అది, ఆరేళ్ళకి గుంటూరు నుంచి ఖమ్మం, వరంగల్ దాకా మిర్చిని తినేసింది. మామూలు తామర పురుగు ఆకు అడుగున ఉంటుంది, ఇది పూతలోకి చేరుతుంది. పూత రాలిపోతుంటే రైతుకి పిచ్చెక్కినట్టయ్యేది, ఎవరేం కొట్టమంటే అది కొట్టారు. ఏ మందూ పెద్దగా పనిచేయలేదు.

ఆ కంగారులో "బయో" పేరుతో లెక్కలేనన్ని సీసాలు షాపుల్లోకి వచ్చాయి. రిజిస్ట్రేషన్ ఉన్న పురుగుమందు డబ్బా మీద విషం తీవ్రతని బట్టి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఒక గుర్తు ఉంటుంది, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. వీటి మీద అవేం ఉండవు. ఆకు బొమ్మ, తేనెటీగ బొమ్మ, పెద్ద అక్షరాల్లో పేరు. మా క్లయింటుకి ఒక్కో సీసా 600కి పడేది, 1,800కి అమ్మేవారు. బిల్లు ఇచ్చేది లేదు. పనిచేయదని తెలుసు. "తెలుసా, అనుమానమా?" అని నేను అడిగితే చాలాసేపు టేబుల్ వైపు చూసి "తెలుసు" అన్నారు.

ఆ సీసాలు కొన్నవాళ్ళలో ఒక కౌలు రైతు. మూడెకరాలు, కౌలు ముందే కట్టేశాడు. "అన్నా" అంటూ షాపుకి వచ్చి బల్ల మీద కూర్చుని టీ తాగి వెళ్ళేంత చనువు. భార్య ఈయన్ని "అన్నయ్యగారూ" అనేది. పంట పోయింది. బాకీ పెరిగింది. 2022 మొదట్లో ఒక ఉదయం ఈయన బండేసుకుని ఆ ఊరు వెళ్ళి, రచ్చబండ దగ్గర నలుగురిలో ఆ రైతుని నిలబెట్టి మాటలన్నారు. "పెళ్ళాం మెళ్ళో పుస్తెలున్నాయిగా" అన్న మాట కూడా అందులో ఉంది. నేను మొదట నా నోట్స్‌లో "బాకీ వసూలుకి వెళ్ళారు" అని రాసుకున్నాను. ఈ వ్యాసం చదివినప్పుడు ఆయన ఆ వాక్యం దగ్గర ఆగి "వసూలు కాదని ఆ రోజే తెలుసు మేడమ్, అవమానించడానికే వెళ్ళాను, అలాగే రాయండి" అన్నారు. కొద్ది రోజులకి ఆ రైతు ప్రాణం తీసుకున్నాడు.

ఆయన నమ్మకం

ఇది తెలియకపోతే కేసు అర్థం కాదు. ఆయన తండ్రి జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు, హేతువాది. కుర్రతనంలో గోరా ప్రభావంలో ఉన్నవాడు. గోరా అంటే గోపరాజు రామచంద్రరావు, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడ మార్చిన మనిషి. ఇంట్లో దేవుడి పటం లేదు, గోరా ఫొటో ఉండేది. పెళ్ళిళ్ళకి ముహూర్తాలు లేవు, తండ్రి చనిపోతే దినం చేయలేదు. "దేవుడు చూస్తున్నాడని భయపడేవాడికి దేవుడు చూడనప్పుడు సెలవు దొరుకుతుంది, మనకి సెలవు లేదు, మనల్ని మనమే చూసుకోవాలి" అని ఆ మాస్టారు పిల్లలకి చెప్పేవారట. ఈయన షాపు పెట్టాక మొదటి సగం మిగిలింది, రెండో సగం నెమ్మదిగా జారిపోయింది. పాపం లేదు, పుణ్యం లేదు, పైన అడిగేవాడు లేడు, వ్యాపారం వ్యాపారమే.

భార్య అలా కాదు, భక్తురాలు. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయిద్దాం, గయ వెళ్ళి ఆ రైతు పేరున పిండం పెడదాం అని ఏడాదిగా బతిమాలుతున్నారు. పక్క షాపాయన చర్చికి వెళ్తాడు, ప్రార్థనకి రమ్మని పిలిచాడు, ప్రేమగానే. ఈయన ఎక్కడికీ వెళ్ళలేదు. ఒక రోజు నాతో అన్న మాట ఇది: "వాళ్ళకి తప్పు చేస్తే వెళ్ళడానికి ఒక చోటుంది మేడమ్. నాకు లేదు. నేను నమ్మని దేవుణ్ణి క్షమించమని అడిగితే అది ఇంకో అబద్ధం."

ఈ మాటని నేను చాలా గౌరవించాను. నేను నమ్మేదాన్నే, శనివారం ఒంటిపూట ఉంటాను. మీరు దేవుణ్ణి నమ్ముతారా అని ఆయన అడిగినప్పుడు దాచకుండా చెప్పాను. కానీ క్లయింటు నమ్మని దారిలోకి అతన్ని బాధలో ఉన్నప్పుడు లాగడం చికిత్స కాదు. నమ్మకం లేని మనిషి పిండం పెడితే ఆ కర్మ కూడా ఉత్తదే అవుతుంది, ఆ మాట భార్యకి కూడా నిదానంగా చెప్పాను, ఆవిడకి అర్థమైంది.

"ఇది మెదడులో కెమికలేగా, తీసేయండి"

మందు మొదలుపెట్టాక కొన్ని వారాల పాటు ఆయన వాదన ఇలా ఉండేది. పాపం అనేది లేదు. తప్పొప్పులు మనుషులు పెట్టుకున్న ఏర్పాటు, ఊరికో రకం, కాలానికో రకం. అలాంటప్పుడు ఈ బాధకి బయట ఆధారమేదీ లేదు, పరిణామక్రమంలో మిగిలిపోయిన ఒక అలవాటు, మెదడులో కెమికల్. నిద్రకి మాత్ర ఇచ్చినట్టే దీనికీ మాత్ర ఇవ్వండి.

చదువుకున్న మనిషి, నిజాయితీగానే అడుగుతున్నారు, కాబట్టి నేనూ నిజాయితీగానే జవాబు చెప్పాను. బాధ మెదడులోనే పుడుతుంది, నిజమే. పంటి నొప్పి కూడా నరాల్లోనే పుడుతుంది. అంతమాత్రాన పన్ను పుచ్చిందో లేదో చూడకుండా నొప్పి మాత్రలు మింగుతూ కూర్చోం. బాధ ఎలా పుట్టిందన్నది ఒక ప్రశ్న, అది చెప్పేది నిజమా కాదా అన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి జవాబు మెదడులో వెతికితే దొరకదు, జరిగినదాంట్లో వెతకాలి.

పాపం మీద నమ్మకం ఉంటేనే గిల్ట్ వస్తుంది అనే మాట చిన్నపిల్లల్ని చూసినా నిలబడదు. గ్రజీనా కొచాన్‌స్కా అనే సైకాలజిస్టు రెండేళ్ళు, మూడేళ్ళ పిల్లల చేతికి, ఇది నాకు చాలా ఇష్టమైన వస్తువని చెప్పి, ముట్టుకోగానే ఊడిపోయేలా ముందే అమర్చిన బొమ్మనిచ్చి చూశారు. పిల్లలు చూపు తిప్పేసుకోవడం, ఒళ్ళు ముడుచుకోవడం, ముఖంలో ఆందోళన, ఇవన్నీ నమోదు చేశారు. ఆ వయసులో వాళ్ళకి దేవుడూ తెలియదు, నరకమూ తెలియదు. అయితే ఇల్లు నేర్పిన సంగతులు ఆ వయసుకే పిల్లల్లో చేరిపోతాయి కాబట్టి దీన్ని పుట్టుకతో వచ్చిన నీతి అనేయలేం. కానీ మతం చెప్పకముందే "నా వల్ల ఒకరికి నష్టం జరిగింది" అనే బాధ మనిషిలో ఉందని మాత్రం తెలుస్తుంది.

దీనికి తిరగేసిన కేసు కూడా అదే రోజుల్లో నా దగ్గర ఉంది. డిగ్రీ చదివే అమ్మాయి, మంచి భక్తి. గుళ్ళో దణ్ణం పెడుతున్నప్పుడు మనసులో బూతు మాటలు వస్తాయి, అది మహాపాపం అని ఏడుస్తూ రోజుకి గంటల తరబడి స్తోత్రాలు చదువుతోంది. అది ఓసీడీలో, అంటే వద్దన్నా అవే ఆలోచనలు పదేపదే వచ్చే జబ్బులో, ఒక రకం. నమ్మకం గట్టిదే, బాధ గట్టిదే, కానీ ఆ అమ్మాయి ఎవరికీ ఏమీ చేయలేదు. ఆమెకి చేయాల్సిన చికిత్స ఆ ఆలోచనని పట్టించుకోకుండా వదిలేయడం నేర్పడం. ఈయనకి అదే చికిత్స చేస్తే ఘోరం. ఇద్దరి బాధా బయటికి ఒకేలా కనిపిస్తుంది, ప్రశ్నాపత్రాల్లో మార్కులు కూడా దగ్గర దగ్గరగా వస్తాయి. తేడా చెప్పేది నమ్మకం కాదు, జరిగిన విషయం. తప్పు జరిగిందా, ఎవరికి జరిగింది, ఇందులో ఈ మనిషి చేయి ఎంత. మా రంగంలో "గిల్ట్ ఫీలింగ్" అంటూ దాన్ని ఒక లక్షణంగా మాత్రమే చూసే అలవాటు ఎక్కువైపోయింది. డిప్రెషన్ లక్షణాల్లో "అతిగా లేదా అసందర్భంగా కలిగే గిల్ట్" అని ఉంటుంది. అతిగా ఉందో లేదో తెలియాలంటే అసలు ఎంత ఉండాలో ముందు తెలియాలి కదా.

వాటాలు తేల్చడం

అందుకని లెక్కకి దిగాం. ఇది మామూలుగా వాడే పద్ధతే. ఒక గుండ్రటి బొమ్మ గీసి, జరిగినదానికి కారణమైనవన్నీ ముందు రాసి, వాటికి వాటాలు పంచి, తన వాటా చివర్లో రాయించాలి. మొదటే తన వాటా రాయిస్తే మొత్తం తనకే రాసేసుకుంటారు.

ఆయన లెక్కల మాస్టారి కొడుకు, ఇది శ్రద్ధగా చేశారు. పురుగు. ఆ ఏడాది వానలు. ముందే కట్టించుకున్న కౌలు. కౌలు రైతుకి కార్డు లేకపోవడం. 2019లో వచ్చిన చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు పత్రం రావాలంటే భూమి యజమాని ఒప్పుకోవాలి, చాలామంది ఒప్పుకోరు, కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, బీమా లేదు. ఊళ్ళో ఇంకో ఇద్దరి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు. ఆ రైతు అప్పటికే నెలల తరబడి మౌనంగా ఉన్నాడని అతని భార్య చెప్పిన సంగతి. ఆ చివరి రోజు ఆ మనిషి మనసులో ఏముందో ఎవరికీ తెలియని భాగం. ఇవన్నీ పోను తన వాటా కింద రెండు రాశారు: పనిచేయదని తెలిసి అమ్మిన సీసాలు, నలుగురిలో అన్న మాటలు.

అంటే "చంపాను" అన్నది నిజం కాదు. "మోసం చేశాను, అవమానించాను" అన్నది నిజం. ఇది చాలామందికి ఉపశమనం ఇచ్చే చోటు. బరువు సగం దిగినట్టు కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఈయనలో ఆ ఉపశమనం రాలేదు. పైగా టెన్షన్ పెరిగింది. కాలు ఊపడం మొదలుపెట్టారు, బొమ్మ వైపు చూడకుండా "అయినా సరే మేడమ్, నేను చంపినట్టే" అన్నారు. నిజానికి దగ్గరగా వచ్చిన కొద్దీ ఆయన వెనక్కి, ఆ పెద్ద మాటలోకే వెళ్ళిపోతున్నారు.

నా అనుభవంలో ఇది గమనించాల్సిన సంగతి. మనిషి మోయలేనంత పెద్ద నేరం తన మీద వేసుకుని, దాని కింద చిన్నదీ కచ్చితమైనదీ ఒకటి దాచుకుంటాడు. "చంపాను" అంటే ఎదుటివాడు వెంటనే "ఛ, అలా అనకండి" అంటాడు. ఓదార్పు దొరుకుతుంది, వివరాలు ఎవరూ అడగరు. అందుకే నేను ఓదార్చలేదు. "ఈ రెండేనా? మూడోది ఉందా?" అని అడిగి ఊరుకున్నాను.

చిన్న పుస్తకం

మరుసటిసారి వచ్చినప్పుడు చొక్కా జేబులోంచి ఒక పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. అరచేతిలో పట్టేంత, ఎర్ర అట్ట, అంచులు నల్లబడ్డాయి. షాపులో పెద్ద చిట్టా వేరే ఉంది, అది ఇన్‌స్పెక్టర్లకి చూపించేది. ఇది బిల్లు లేని సరుకుది. పెన్సిల్‌తో రాసిన పేర్లు, తేదీలు, సీసాలు. ఆ రైతు పేరు కింద వరసగా ఒక పేజీ నిండి పక్క పేజీలోకి వెళ్ళింది. మొత్తం 1,36,000. చివరి గీత కింద ఒక చోట పెన్సిల్‌తో కొట్టేసి, మళ్ళీ రబ్బరుతో చెరిపినట్టు కాగితం పల్చబడి ఉంది. కొట్టేద్దామనుకుని, చెరిపేద్దామనుకుని, రెండూ చేయలేకపోయిన గుర్తు అది.

రైతు ఆత్మహత్య జరిగితే ఆ కుటుంబానికి పరిహారం రావాలంటే విచారణ జరగాలి. 2004 నాటి 421 జీవో ప్రకారం ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీఏ (సహాయ సంచాలకుడు) ఉన్న త్రిసభ్య కమిటీ వచ్చి, ఆ అప్పులు సేద్యం కోసమేనా, ఆధారాలున్నాయా అని చూస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పరిహారం 7 లక్షలు. విచారణకి వచ్చినప్పుడు వాళ్ళు ఈయన షాపుకి కూడా వచ్చారు. ఈయన పెద్ద చిట్టా చూపించి, బాకీ 42,000 మాత్రమే అని రాసిచ్చారు. బిల్లు లేని సరుకు బయటపడితే లైసెన్సు పోతుందని భయం, రచ్చబండ గొడవ బయటపడితే ఆత్మహత్యకి ప్రేరేపించాడని ఐపీసీ 306 సెక్షన్ కింద కేసు పెడతారని భయం. చిన్న పుస్తకంలోది కూడా కలిపితే అసలు బాకీ 1,78,000. మిగతా వడ్డీ వ్యాపారులూ నోరు విప్పలేదు. కార్డు లేదు, కాగితాలు లేవు. అప్పులకి తగిన ఆధారాల్లేవంటూ ఫైలు వెనక్కి వచ్చింది.

ఇది చెప్పేసరికి ఆయన గొంతు మారింది. "చంపాను" అన్నప్పుడు ఏడ్చేవారు. "అబద్ధం రాసిచ్చాను" అన్నప్పుడు ఏడవలేదు, నన్ను చూడలేకపోయారు. గిల్ట్‌కీ సిగ్గుకీ తేడా ఇక్కడ కనిపిస్తుంది. హెలెన్ బ్లాక్ లూయిస్ అనే సైకాలజిస్టు 1971లో చెప్పి, తర్వాత జూన్ టాంగ్నీ అనే ఇంకో సైకాలజిస్టు ఎన్నో పరిశోధనల్లో చూపించింది ఇదే: గిల్ట్ "నేను చేసిన పని" గురించి, సిగ్గు "నేనేంటి" అన్నదాని గురించి. మొదటిది సరిదిద్దుకోమని తోస్తుంది, రెండోది దాక్కోమంటుంది. ఏడాదిగా ఈయన దాక్కున్నారు, అది కూడా హంతకుడనే పేరు వెనక.

ఒక విషయం నాకు చాలా ముఖ్యం అనిపించింది. సీసా పనిచేయదని తెలియడం, మాట అనడం, వీటిని ఎంతోకొంత వాదించవచ్చు, అందరూ అమ్మారు, అందరూ అంటారు అని. కానీ 42,000 అన్నది 1,78,000 కాదు. ఏ మతమైనా, ఏ మతం లేకపోయినా, ఏ దేశంలోనైనా అది అబద్ధమే. తప్పొప్పులు మనుషులు పెట్టుకున్న ఏర్పాటు అని నాతో అంతసేపు వాదించిన మనిషి ఈ అంకె దగ్గర వాదించలేదు.

ఎవరికి బాకీ

కార్ల్ యాస్పర్స్ సైకియాట్రిస్టుగా మొదలై తత్వవేత్త అయినవాడు. యుద్ధం అయ్యాక 1946లో, జర్మన్ల నేరం గురించి మాట్లాడుతూ నేరాన్ని నాలుగుగా విడదీశాడు: చట్టం ముందు నేరం, రాజకీయ నేరం, నైతిక నేరం, దేవుడి ముందు మాత్రమే తేలే నేరం. ఒక్కోదానికి విచారించేవాళ్ళు వేరు. నాకు ఈ విభజన పనిలో చాలా ఉపయోగపడింది. చివరిది ఆయన నమ్మరు, నేను నమ్ముతాను, దాన్ని పక్కన పెట్టేశాం. చట్టం ముందు ఏం అవుతుందన్నది నేను చెప్పేది కాదు, లాయరు దగ్గరకి పంపాను. 2017 మానసిక ఆరోగ్య చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆయన నాతో చెప్పినవి గోప్యం, నేనెవరికీ చెప్పను, చెప్పాలా వద్దా అన్నది మీ నిర్ణయమే అని స్పష్టంగా అన్నాను. మిగిలింది నైతికమైనది, దానికి విచారణ చేయాల్సింది ఆయనే. అయితే బాకీ మాత్రం ఆయనకి ఆయన పడలేదు, ఒక ఇంటికి పడ్డారు.

మతాలు కూడా ఈ తేడా చూపించాయి, మనం మర్చిపోతుంటాం. సాటి మనిషి హక్కు విషయంలో చేసిన తప్పుకి దేవుడి ముందు తౌబా (పశ్చాత్తాపం) చేస్తే సరిపోదు, ఆ హక్కు తిరిగి ఇవ్వాలి అంటుంది ఇస్లాం. యూదులు యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినం రోజు ఉపవాసం చేసినా, తోటివాడికి చేసిన తప్పు అతన్ని సమాధానపరచేదాకా తీరదంటారు. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానంటాడు. మన ధర్మశాస్త్రాల్లోనూ దొంగసొమ్ము తిరిగిచ్చాకే ప్రాయశ్చిత్తం. అంటే నమ్మినవాడికి రెండు పనులున్నాయి, ఒకటి దేవుడితో, ఒకటి మనిషితో. నమ్మనివాడికి ఒకటే ఉంది, కానీ ఆ ఒక్కటి తగ్గదు. ఇది విన్నాక ఆయన "అయితే నాకూ వెళ్ళే చోటుంది" అన్నారు. ఎక్కడికో ఇద్దరికీ తెలుసు.

వెంటనే వెళ్ళలేదు. మొదట డబ్బు పేరు చెప్పకుండా పంపుతానన్నారు. నేను ఒక ప్రశ్నే అడిగాను, డబ్బు వెళ్తుంది, మరి నిజం? పేరు లేని డబ్బు ఆ ఇంటికి దానం అవుతుంది, ఆ ఇంటికి రావాల్సింది దానం కాదు.

యుద్ధంలో తమ మనస్సాక్షికి విరుద్ధంగా చేసినవాటితో బాధపడే సైనికుల కోసం బ్రెట్ లిట్జ్ అనే సైకాలజిస్టు బృందం తయారుచేసిన చికిత్సలో, తాను గౌరవించే ఒక పెద్దమనిషి ఎదురుగా ఉన్నట్టు ఊహించుకుని జరిగిందంతా చెప్పే పద్ధతి ఉంది. చాలామంది అక్కడ దేవుణ్ణో పాస్టర్నో ఊహించుకుంటారు. ఈయన ఖాళీ కుర్చీలో తండ్రిని కూర్చోబెట్టుకున్నారు. మొత్తం చెప్పారు, సీసాలు, పుస్తెల మాట, 42,000. తర్వాత "మీ నాన్నగారు ఏమంటారు?" అని అడిగాను. క్షమించానంటారని గానీ, తిడతారని గానీ అనలేదు. "ఆయన ఏమీ అనరు మేడమ్. పుస్తకం తెమ్మంటారు. కూడిక సరిగ్గా ఉందో లేదో చూస్తారు, తర్వాత ఎప్పుడు ఇస్తున్నావని అడుగుతారు."

1931లో స్విట్జర్లాండులోని లొసాన్‌లో గాంధీ తన మాటని తిప్పి, దేవుడే సత్యం అనే బదులు సత్యమే దేవుడు అంటానని వివరించారు. దేవుణ్ణి కాదనేవాళ్ళున్నారు గానీ సత్యాన్ని కాదనలేరు కదా అన్నది అందులో ఒక కారణం. తర్వాత గోరా సేవాగ్రాం ఆశ్రమానికి వెళ్ళి గాంధీతో వాదించాడు, దేవుడి విషయంలో ఇద్దరూ కలవలేదు, పనిలో కలిశారు. ఆ సంగతులు ఆ ఇంట్లో పెరిగిన మనిషికి నాకంటే బాగా తెలుసు, తనే చెప్పారు, తండ్రి చెప్పిన సెలవు లేని మాట కూడా ఆ రోజే మళ్ళీ గుర్తు చేసుకున్నారు.

వెళ్ళడం

లాయరుతో మాట్లాడాక, రైతు సంఘంలో పనిచేసే ఒక పెద్దాయన్ని తోడు తీసుకుని ఆ రైతు ఇంటికి వెళ్ళారు. నేను ముందుగా ఒక్కటే గట్టిగా చెప్పాను: క్షమించమని అడగొద్దు. అడిగితే ఆ రైతు భార్య మీద ఇంకో భారం పెట్టినట్టు. జరిగింది చెప్పండి, కాగితం ఇవ్వండి, ఆవిడ అడిగినవాటికి జవాబు చెప్పండి.

కాగితం మీద మొత్తం బాకీ, సీసాల వివరాలు, విచారణలో తప్పు అంకె ఇచ్చానన్న మాట, సంతకం ఉన్నాయి. బాకీ మాఫీ అని, బయో సీసాల మీద తను సంపాదించిన లాభం తిరిగి ఇస్తానని కూడా రాశారు. ఇంటర్ చదివే కూతురు పైకి చదివింది. ఆవిడ అంతా విని "ఆ రోజు అందరిలో ఆయన్ని అట్లా ఎందుకన్నారు?" అని అడిగింది. అన్నయ్యగారూ అనలేదు. ఈయన దగ్గర కారణం లేదు, లేదనే చెప్పారు. "ఈ కాగితం సోమవారం కలెక్టరాఫీసులో ఇవ్వండి. మా ఇంటికి మాత్రం మళ్ళీ రావద్దు" అంది.

సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే స్పందన కార్యక్రమంలో ఇచ్చారు. ఆ కుటుంబం మళ్ళీ విచారణ కోరుతూ అర్జీ పెట్టింది.

ఆ తర్వాతి వారం ఆయన పరిస్థితి ముందుకంటే ఘోరం. రెండు రాత్రులు నిద్రే లేదు, భార్య నాకు ఫోన్ చేశారు, తాళాలు మళ్ళీ కొడుకు దగ్గరకి వెళ్ళాయి. ఇది ముందే ఊహించి వాళ్ళని సిద్ధం చేశాం కాబట్టి ఎవరూ బెదిరిపోలేదు. ఇలాంటి పని చేయించాలనుకునే తోటి సైకాలజిస్టులు ఈ వారాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. చావు ఆలోచనలున్న మనిషిని పూర్తిగా స్థిమితపడకముందే నిజం చెప్పడానికి పంపడం ప్రమాదం, ఆయన మందు మీద నెలలుగా నిలకడగా ఉన్నాకే ఇది జరిగింది. తర్వాత నెమ్మదిగా తగ్గింది. పీహెచ్‌క్యూ-9 7కి వచ్చింది. మూడింటికి లేవడం పోయింది. "చంపాను" అన్న మాట ఆగిపోయింది, నేను ఆపమనలేదు. ఇప్పుడు అడిగితే "తప్పుడు సరుకు అమ్మాను, మనిషిని అవమానించాను, అబద్ధం రాశాను" అంటారు. ఈ మూడూ గుర్తొచ్చినప్పుడు ముఖం ఇప్పటికీ ముడుచుకుపోతుంది. అది పోగొట్టడం చికిత్స లక్ష్యం అని నేను ఎప్పుడూ అనుకోలేదు.

పాపం గురించి ఆయన అభిప్రాయం మారలేదు. భార్య తనంతట తానుగా కాళహస్తి వెళ్ళి వచ్చారు, ఈయన బస్టాండు దాకా దింపి వచ్చారు. బయో సరుకు మానేశారు, ఆదాయం బాగా పడిపోయింది, కొడుక్కి దీని మీద కోపం ఉంది, ఒక సెషన్ వాళ్ళిద్దరితో కలిపి పెట్టాల్సి వచ్చింది, ఇంకా తేలలేదు. లైసెన్సు విషయంలో నోటీసు వచ్చింది, దానికి జవాబిచ్చారు.

ఇది రాస్తున్నప్పటికి పరిహారం ఫైలు ఇంకా తేలలేదు. ఆర్డీవో ఆఫీసులో ఆయన వాంగ్మూలం మళ్ళీ తీసుకున్నారు, ఈసారి చిన్న పుస్తకం కూడా ఇచ్చి రసీదు తీసుకున్నారు. మాత్ర డోసు సైకియాట్రిస్టు తగ్గిస్తున్నారు. మిర్చికి మందులు కొట్టే నెలలు వచ్చేటప్పటికి ఒకసారి కనిపించమని చెప్పాను.